ముల్లు చూపిన జవాబు

చిన్నది ఫిజిక్స్ పరీక్ష నాలుగుసార్లు తప్పింది. ఆ పుస్తకం ఇంట్లో ఉండి ఉండి ఆస్తిలో వాటా అడిగే వయసుకొచ్చింది.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి మాత్రం లెక్క పుస్తకంలో లేదు. నాన్న మంచం పక్కన నిలబడి ఉంది. పది లీటర్ల ఆక్సిజన్ సిలిండర్, పీడనం చూపే మీటరు ముల్లు అరవై మీద. రెండూ గుణిస్తే ఆరువందల లీటర్ల గాలి. ధార నిమిషానికి రెండు లీటర్లకు తగ్గకూడదన్నాడు డాక్టరు. అంటే అయిదు గంటలు. కొత్త సిలిండర్ తెచ్చే వ్యాన్ నాలుగింటికి గానీ రాదు.

"ధార సగం చేస్తే టైము రెట్టింపవుతుంది నాన్నా, విలోమానుపాతం. కానీ చెయ్యకూడదు."

"నువ్వు చెప్పావుగా, నిజం తిరగేసి ఉంటుందిలే."

నాన్న నలభై ఏళ్లు గ్యాస్ వెల్డింగ్ చేశాడు. ఊళ్లో విరిగినవన్నీ అతికించాడు, తన ఊపిరితిత్తులు తప్ప.

చిన్నది సిలిండర్ కోసం మూడు షాపులు తిరిగి, పన్నెండింటికి వట్టి చేతులతో వచ్చింది. మూడు గంటలకు మూడువందల అరవై లీటర్లు ఖర్చవ్వాలి. వాయువు తగ్గినకొద్దీ పీడనమూ తగ్గి, ముల్లు ఇరవై నాలుగు దగ్గరుండాలి. నలభై రెండు దగ్గరుంది.

'మళ్లీ తప్పాను' అనుకుంది. క్యాలెండర్ వెనక మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఇరవై నాలుగే. అప్పుడు చూసింది, ధార కొలిచే గొట్టంలో గోళీ రెండు మీద కాక ఒకటి మీద ఉంది. నాన్న పెదవులు సిరా తాగినట్టున్నాయి.

"నువ్వటెళ్లావు, నేనిటు నాబ్ కాస్త తిప్పాను. వెల్డరు చెయ్యి ఊరుకుంటుందా?"

"అది వెల్డింగ్ చేసే గేటు కాదు నాన్నా, నువ్వు!"

గోళీని మళ్లీ రెండుకు ఎక్కించింది. మిగిలినవి నాలుగువందల ఇరవై లీటర్లు.

"ఇప్పుడెంతదాకా వస్తుందే?"

"మూడున్నర."

"నీ లెక్కేగా. తప్పే అయ్యుంటుంది."

"తప్పే నాన్నా," అంది చిన్నది. లెక్క తప్పు కావాలనే మొక్కుకుంది; నాలుగు పరీక్షల్లోనూ ఒప్పు కావాలని ఇంతగా మొక్కుకోలేదు.

మూడున్నరకు ముల్లు సున్నా మీద నిలబడింది. ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. గోళీ అడుక్కి దిగింది.

"టైమెంతే?"

చిన్నది గోడ గడియారానికి అడ్డంగా నిలబడింది. "నాలుగవుతోంది నాన్నా. వ్యాన్ సందు మొదట్లో ఉంది."

"చెప్పానా," అన్నాడు నాన్న, ఒక్కో మాటకూ ఆగుతూ, "నీ లెక్క... తప్పని."