మూడో భాగం దొరికిన రోజు

పదిహేడో వరుస దాటేసరికి రెబెక్కాకు నడుం పట్టేసింది. అయినా చేతులు ఆగలేదు. ఎడమ చేత్తో సీటు ముందరి జేబు సాగదీయడం, కుడి చేత్తో లోపలి చెత్త లాగి సంచీలో వేయడం, బల్ల దించి తుడిచి మళ్ళీ పైకి నెట్టడం, బెల్టు రెండు కొసలనూ సీటు మీద అడ్డంగా మడిచి పెట్టడం. ఢిల్లీ నుంచి వచ్చిన విమానం ముప్పావు గంటలో మళ్ళీ ఎగరాలి. అందులో శుభ్రం చేసేవాళ్ళకు దక్కేది పన్నెండు నిమిషాలు. ఆరుగురు ఆడవాళ్ళు, నూట ఎనభై సీట్లు. తొమ్మిదేళ్ళలో రెబెక్కా తుడిచిన వరుసను సూపర్‌వైజరు మళ్ళీ తుడవమన్నది లేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనదు గానీ, దిగేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి ఒకే తీరుగా పడుకున్న బెల్టులను చూసుకుంటుంది.

ఇరవై రెండో వరుస కిటికీ సీటు జేబులో చెయ్యి పెడితే బరువుగా ఏదో తగిలింది. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అట్ట మీద మంచుకొండ, కొండ కొమ్మున కోట, కోట చుట్టూ తోక చుట్టుకుని పడుకున్న రెక్కల జంతువు. రెబెక్కా దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్క క్షణం చూసింది. అక్షరాలు అర్థం కాలేదు. బొమ్మ మాత్రం పూర్తిగా అర్థమైంది.

వెనక తలుపు దగ్గర నిలబడ్డ సూపర్‌వైజరు నవీన్‌కుమార్ చేతికి దాన్ని అందించింది. అతను చీటీ మీద సీటు నంబరు రాస్తూ నవ్వాడు.

"ఇది గూడ మాయల నవలేనా అక్కా?"

"బొమ్మ జూస్తే గట్లనే ఉంది సార్. మనకు ఇంగ్లీషు రాదు గద."

"ఇంట్ల ఎన్ని జమైనయి ఇప్పుడు?"

"చదవనియి నలభై మూడు."

"అబ్బో! మరి ఇప్పుడేది చదువుతున్నవు?"

రెబెక్కా చెత్త సంచీ మూతి ముడి వేసింది. తెల్లవారుజామున నాలుగింటికి స్టాఫ్ బస్సు ఎక్కినప్పటి నుంచి ఆమె మనసును తొలుస్తున్నది ఆ ప్రశ్నే.

నిన్న సాయంత్రం 'గాజుకళ్ళ గుర్రం' అయిపోయింది. ఈ సాయంత్రానికి కొత్తది మొదలుపెట్టాలి. విమానాశ్రయం దగ్గరి సాతంరాయిలో వాళ్ళ రెండు గదుల ఇంట్లో, కుట్టుమిషను మీద, దాని పక్క నేల మీద, చివరికి బియ్యం డ్రమ్ము మూత మీద కూడా పుస్తకాలే. మాంత్రికులు, మాట్లాడే గుర్రాలు, నీళ్ళ అడుగున నగరాలు. అట్టలు ఊడినవి, చెదలు అంచులు కొరికినవి, ఎప్పుడో మూతపడ్డ అద్దె పుస్తకాల షాపుల ముద్రలున్నవి. ఒకటి చదివేలోగా రెండు వచ్చి చేరతాయి. భర్త ప్రేమ్ రాజ్ ట్రాలీ ఆటో తోలుతాడు. "మనిషికి జాగ లేదు, రాక్షసులకున్నది" అంటాడు గానీ, వాన కురిసినప్పుడు ముందు లేచి పుస్తకాల మీద పట్టా కప్పేది అతనే.

మామూలు రోజుల్లో తరువాతి పుస్తకం ఎంచుకోవడం రెబెక్కాకు పండుగ. కుప్ప ముందు కూర్చుని నాలుగైదు బయటికి తీసి, మొదటి పేజీ చదివి, లోపల పెట్టి, మళ్ళీ తీసి, అరగంట గడిపేది. ఈసారి అలా కుదరలేదు. పోయిన మంగళవారం పట్నంలో పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ఆమెను బయటికి పిలిచి, అత్తగారి గుండె చాలా బలహీనపడిందని చెప్పింది. నెలో, నెలన్నరో అంది. పుస్తకాలు వినేది ఆ అత్తగారే.

అత్త పేరు యేసుమణి. వయసు డెబ్బై నాలుగు. ఒక్క అక్షరం రాదు. పొద్దంతా వంగి నాట్లు వేసి, కలుపు తీసి బతికిన మనిషి. రెబెక్కా కందుకూరు దగ్గరి పల్లె నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, పక్కింటి పిల్ల దగ్గర ఎరువు తెచ్చుకున్న నవలను పొయ్యిలో పెట్టింది కూడా ఈ యేసుమణే. "ఏడో తరగతి చదివిన అని పుస్తకం పట్టుకుని కూసుంటే అన్నం ఎవరు వండుతరు?" అంది. రెబెక్కా లేచి అన్నం వండింది. ఆ కథలో రాకుమారి గుహలోంచి బయటపడిందో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు.

ఆ తరువాత ఇరవై ఏళ్ళు ఆమె దొంగతనంగానే చదివింది. ఆరేళ్ళ కిందట యేసుమణి బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచానికి అంటుకుపోయింది. ఒక సాయంత్రం రెబెక్కా గడప దగ్గర కూర్చుని పెదవులు కదుపుతూ చదువుకుంటుంటే మంచం మీది నుంచి మాట వినిపించింది.

"జర గట్టిగ చదువు."

రెబెక్కా తన చెవులను తానే నమ్మలేదు. గొంతు సవరించుకుని గట్టిగా చదివింది. ఆ రోజు నుంచి ఒక్క సాయంత్రం తప్పలేదు. మాంత్రికుడికి బొంగురు గొంతు, రాణికి నిదానం, దయ్యానికి ముక్కుతో మాట. ఇవన్నీ తనలో ఉన్నాయని రెబెక్కాకే తెలియదు. పక్కింటి ప్రసన్నలక్ష్మి కూరగాయలు తరుగుతూ వాకిట్లో కూర్చుని వినేది. చర్చిలో పెద్దమనిషి ఆనందం ఒకసారి ప్రార్థనకు వచ్చి, దేవుని బిడ్డల ఇంట్లో ఈ దయ్యాల కథలేమిటని గొణిగాడు. యేసుమణి మంచం మీదనే లేచి కూర్చుంది. "దయ్యం ఓడిపోయెదాంక చదువుతది మా కోడలు. మధ్యల ఆపదు. నువ్వు పరేషాన్ గాకు" అంది. 'మా కోడలు' అన్న మాట ఆమె నోట అంత గట్టిగా వినడం రెబెక్కాకు అదే మొదలు. వంటగదిలో ఉల్లిపాయ కోస్తున్నదల్లా కత్తి పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఒంటిగంటకు డ్యూటీ దిగి, బస్సులో సాతంరాయి స్టాపు చేరేసరికి రెబెక్కా ఒక నిర్ణయానికి వచ్చింది. 'ఉప్పుకోట' చదవాలి. నూట పది పేజీలు. నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. ఆ తరువాత అలాంటివే చిన్నవి వెతుక్కోవాలి. ఏదీ సగంలో మిగిలిపోకూడదు.

హైవే పక్కన జగదీశ్ పాత పేపర్ల కొట్టు ముందు నుంచి నడుస్తుంటే అతను కేక వేశాడు. నగరంలో ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర కాగితాలు కొని తెస్తాడు. మాయల నవల కనబడితే తూకంలో వేయకుండా పక్కన పెడతాడు.

"అక్కా, జర ఆగు! నువ్వు దేవులాడేది దొరికింది ఇయ్యాల."

అతను కాటా వెనక నుంచి తీసి ఇచ్చిన పుస్తకాన్ని చూసి రెబెక్కా అక్కడే ఉన్న పేపర్ల కట్ట మీద కూలబడింది. 'తొమ్మిది తలుపుల దీవి', మూడో భాగం.

నాలుగు భాగాల నవల అది. ఒకటీ రెండూ నాలుగూ ఆమె దగ్గర ఐదేళ్ళుగా ఉన్నాయి. మూడోది లేకుండా మొదలుపెట్టనని పంతం పట్టింది. ఆదివారాలు కోఠి ఫుట్‌పాత్‌ల మీద వెతికింది. జగదీశ్‌కు కనబడినప్పుడల్లా గుర్తు చేసింది. ఇప్పుడు అది ఒళ్ళో ఉంది. వెనక అట్ట లేదు గానీ పేజీలన్నీ ఉన్నాయి. సంతోషం గొంతు దాకా వచ్చింది. వెంటనే లెక్క తట్టింది. నాలుగు భాగాలు కలిపి పన్నెండు వందల పేజీలు. రోజుకు పాతిక చదివినా నెలన్నర పైమాటే.

"ఏందక్కా, ఖుషీ లేదా?" అన్నాడు జగదీశ్.

"ఎందుకు లేదు తమ్మీ. శానా ఖుషీ" అని లేచింది.

ఇంటికి వచ్చి పుస్తకాన్ని సంచీతో సహా కుట్టుమిషను కింద తోసేసింది. కాళ్ళు కడుక్కుని, అత్తకు ఒళ్ళు తుడిచి, జావ తాగించి, దిండ్లు ఎత్తి కూర్చోబెట్టింది. నాలుగున్నరకు మంచం పక్క స్టూలు మీద కూర్చుని 'ఉప్పుకోట' తెరిచింది. తల మీది నుంచి ఒక విమానం కిందికి దిగుతూ పోయింది. ఆ మోత సద్దుమణిగేదాకా ఇద్దరూ అలవాటుగా ఆగారు.

"గా పుస్తకం గంత సన్నగున్నదేంది?" అంది యేసుమణి.

"మంచిగుంటది అత్తమ్మా. ఉప్పుతోటి కట్టిన కోట. వాన పడితే కరిగిపోతది."

"సంచీల ఏం దెచ్చినవు?"

"ఏం లేదు. పాత పేపర్లు."

యేసుమణి కళ్ళు మూసుకుంది. మూతలు పడ్డ ఆ కళ్ళ కింద చర్మం నీరు పట్టి మెరుస్తోంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మెడ గుంటలో చిన్న గొయ్యి పడి పూడుతోంది. కాసేపటికి అంది.

"అబద్ధం చెప్పుడు నీకు రాదు రెబెక్కా. నువ్వు కొట్టు కాడ ఆగినవని, నువ్వు కాళ్ళు కడుక్కునేటప్పుడు ప్రసన్నలక్ష్మి చెప్పిపోయింది. మొఖం చూస్తే తెలుస్తలేదా? మూడోది దొరికింది."

రెబెక్కా తల వంచుకుంది.

"దొరికింది."

"మరి దాచినవేందే?"

యేసుమణి కళ్ళు తెరిచి కోడలి వైపు చూసింది. కోపం లేదు.

"డాక్టరమ్మ ఏం చెప్పిందో నాకు తెల్వదనుకున్నవా? నిన్ను బయటికి పిలిచినప్పుడే తెలిసింది. నువ్వు సన్న పుస్తకం దెచ్చినప్పుడు ఇంకా మంచిగ తెలిసింది."

"గట్ల గాదు అత్తమ్మా. మధ్యల ఆగిపోతే…"

"ఆగితే ఆగనీ. సగంల పోతే పోత. పని అయిపోయినంక పోయినోళ్ళు ఎవరన్న ఉన్నరా? మీ మామ నాట్లు సగమున్నప్పుడే పాయె." ఊపిరి అందక ఆగింది. మళ్ళీ అంది. "నాకు పెద్దదే గావాలె. నా కోడలు పెద్ద పుస్తకం చదువుతది. గా సన్నది ఎవరన్న చదువుతరు."

రెబెక్కా లేచి కుప్ప దగ్గరికి వెళ్ళింది. అడుగున ఉన్న మూడు భాగాలు లాగి, దుమ్ము దులిపి, సంచీలోది తీసి వాటి మధ్యలో సరైన చోట పెట్టింది. నాలుగూ కలిపి మంచం మీద అత్త పక్కన ఉంచింది. యేసుమణి వేళ్ళతో వాటి మందాన్ని తడిమి, బాగా పండిన పొలాన్ని చూసినట్టు చూసింది.

"ఇగ చదువు."

రెబెక్కా చదివింది. పడవ నడిపేవాడి కూతురు తన గొంతును దొంగిలించిన మాంత్రికుడిని వెతుక్కుంటూ దీవి చేరింది. దీవికి తొమ్మిది తలుపులు. ఒక్కో తలుపు తెరవాలంటే తన దగ్గరున్నది ఒకటి వదులుకోవాలి. రోజుకు పాతిక పేజీలనుకున్నది నలభై అయింది. మొదటి భాగం ఎనిమిది రోజుల్లో, రెండోది ఏడు రోజుల్లో అయిపోయాయి. వాకిట్లో ప్రసన్నలక్ష్మి పక్కకు ఇంకో ఇద్దరు చేరారు. డ్యూటీలో సీట్ల జేబులు దులుపుతూ రెబెక్కా లోలోపల మాంత్రికుడి గొంతు సాధన చేసుకునేది. యేసుమణికి అన్నం సయించడం మానేసింది గానీ కథ సయించింది. నిన్న ఎక్కడ ఆపారో ఆమే గుర్తు చేసేది.

మూడో భాగం మొదలైన ఐదో రోజు కథలోని పిల్ల ఏడో తలుపు ముందు నిలబడింది. లోపల ఎవరో ఆమె గొంతుతోనే పాడుతున్నారు. రెబెక్కా పేజీ తిప్పబోతుంటే యేసుమణి చెయ్యి ఎత్తింది.

"ఇయ్యాలటికి ఆపు."

"తలుపు తీసేది ఇప్పుడే అత్తమ్మా. రెండు పేజీలే."

"రేపటికి ఉంచు. లోపల ఎవరున్నరో జర సోంచాయించుకుంట పడుకుంట."

మర్నాడు రెబెక్కాకు సెలవు. పొద్దున టీ తీసుకుని వెళ్ళి పిలిచింది. యేసుమణి గోడ వైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. చెయ్యి చల్లగా ఉంది. ముఖం మాత్రం ఎవరో చెప్పేది శ్రద్ధగా వింటున్నట్టే ఉంది. రెబెక్కా టీ గ్లాసు కింద పెట్టి, చెదిరిన తెల్ల వెంట్రుకలను చెవి వెనక్కి సర్ది, తరువాత ప్రేమ్ రాజ్‌ను పిలిచింది.

ఆ సాయంత్రమే సమాధి చేశారు. ఆనందం ప్రార్థన చేశాడు. వానకు తడిసిన మట్టి కొత్తగా వాసన వేసింది.

నాలుగో రోజు చుట్టాలు వెళ్ళిపోయాక, రెబెక్కా పరుపు చుట్టడానికి మంచం జరిపింది. గోడకూ మంచానికీ మధ్య ఒక గాజు సీసా దొర్లింది. దాని నిండా చింతగింజలు. ముసలావిడ ఏం చేసుకుందో అర్థంకాక ఆమె సీసాను చేతిలో తిప్పి చూస్తుంటే, గడపలో నిలబడ్డ ప్రసన్నలక్ష్మి గబగబా లోపలికి వచ్చింది.

"పారేయకు వదినా. అయి నీ పుస్తకాలు."

"నా పుస్తకాలేంది?"

"ఒక్కోటి అయిపోయిన దినం ఒక్క గింజ ఏస్తుండె. నేనే తెచ్చిస్తుంటి. నువ్వు డ్యూటీకి పోయినంక, ఇంటికొచ్చినోళ్ళందరికి సీసా ఊపి చూపిస్తుండె. నా కోడలు గిన్ని చదివిందని. నీకు జెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నది."

రెబెక్కా ఖాళీ నవారు మంచం మీద కూర్చుంది. సీసాను ఒళ్ళో పెట్టుకుంది. ప్రసన్నలక్ష్మి వెళ్ళలేదు. చివరికి మెల్లగా అడిగింది. "వదినా, గా ఏడో తలుపు ఎనక ఎవరున్నరు?"

రెబెక్కా కొంగుతో ముఖం తుడుచుకుంది. కుట్టుమిషను మీది నుంచి మూడో భాగం తెచ్చి, ఆపిన పేజీ తెరిచి, గొంతు సవరించుకుంది. ఎప్పటిలాగే వాకిట్లోకి వచ్చి కూర్చున్న ఆ ఇద్దరికీ వినబడేలా గట్టిగా మొదలుపెట్టింది.

మంచం కింద, సీసా దొర్లిన చోట, గోడ వారగా రెండు చింతగింజలు విడిగా తీసిపెట్టి ఉన్నాయి, మూడో భాగానికి ఒకటి, నాలుగో భాగానికి ఒకటి.