గేటు ముందు మలుపు

మలుపు సగంలో బండి మళ్లీ పక్కకు ఒరిగింది. ప్లాస్టిక్ కోను దాని కింద నలిగింది.

"ఏమయ్యా క్రేనూ, ఆ కోనుతో నీకేమైనా చుట్టరికమా? వెతుక్కుంటూ వెళ్లి మరీ పలకరిస్తున్నావు" అన్నాడు మాస్టారు. ఆయన పోలీసు మోటార్‌సైకిల్ దళంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారాలు పరేడ్ మైదానంలో ఓ మూల కోన్లు పెట్టి, బరువైన బండ్లను నడక వేగంలో తిప్పడం నేర్పుతున్నాడు.

క్రేన్ ఆపరేటర్ సీటుకు నడుము ఆనించి, కాళ్లతో వెనక్కి తోసి బండిని లేపాడు. లేపడం మొదటి రోజే వచ్చేసింది. తిప్పడమే రావడం లేదు.

బండి కొన్న కొత్తలో, ఇంటి ముందు గేటు వైపు తిప్పబోతూ భార్యతో సహా పడ్డాడు. వేగంగా పోతూ కాదు, నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మదిగా. ఆమె మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా బస్సులోనే తిరుగుతోంది. "మీ మీద కోపం లేదండీ. ఆ బండంటే భయం" అంది. కోపమైతే బతిమాలుకునేవాడు. భయాన్ని ఎలా బతిమాలాలో అతనికి తెలియలేదు. బావమరిది మాత్రం తేల్చేశాడు: "దీన్ని అమ్మేసి క్రేనే ఇంటికి తెచ్చుకో బావా. అదైతే పడదు."

ఈ ఆదివారం కూడా మలుపు రాకపోతే అమ్మేస్తానని భార్యకు మాటిచ్చాడు. అది చూడటానికే ఆమె బస్సెక్కి వచ్చి గట్టు మీద కూర్చుంది.

"క్లచ్ సగమే వదిలావు, వెనక బ్రేకు మీద పాదం ఆనించావు, అంతా బాగుంది. మరి చూపు కోను మీదికెందుకు పోతోంది?" అన్నాడు మాస్టారు.

"అలవాటు మాస్టారూ. మా పనిలో ఏది దేనికి తగులుతుందో అని భయముంటే దాన్నే చూస్తాం."

"ఇక్కడ ఏది చూస్తే దానికే తగులుతావు. ఎటు వెళ్లాలో అటు చూడు. తల తిరిగితే బండి తిరుగుతుంది."

అతను తల తిప్పేవాడు. మలుపు సగానికి రాగానే కళ్లు జారి కోను దగ్గరికి వచ్చేసేవి. ఇంకోసారి పడ్డాడు.

గట్టు మీంచి ఆమె లేచింది. "మాస్టారూ, క్రేనుతో గోడ అవతలికి సామాను దించేటప్పుడు ఈయనకు బరువు కనబడదు. కింద సైగ చేసే మనిషి చెయ్యే చూస్తారు. ఇంక దేన్నీ చూడరు."

"అయితే మీరే చెయ్యి చూపించండమ్మా" అని మాస్టారు మలుపు ముగిసే చోటుకు పంపాడు.

ఆ సైగలు ఆమెకు తెలుసు. ఇంట్లో బీరువా జరిపినప్పుడల్లా వాటితోనే అతను ప్రాణం తీసేవాడు. ఆమె చెయ్యెత్తింది. విరిగి అతికిన చెయ్యే. రమ్మన్నట్టు వేళ్లు కదిలాయి. అతను ఆ వేళ్లనే చూస్తూ వచ్చాడు. ఆమె పిడికిలి బిగించింది. ఆగాడు. వెనక్కి తిరిగి చూస్తే కోన్లన్నీ నిలబడే ఉన్నాయి.

"ఇక వెనక మనిషిని ఎక్కించుకుని తిప్పాలి" అన్నాడు మాస్టారు, ఎవరి వైపూ చూడకుండా.

"నేనెక్కితే చెయ్యి ఎవరు చూపిస్తారు?" అంది ఆమె. ఆమె బండి చుట్టూ తిరిగి, సీటు మీద చెయ్యి వేసి చూసింది. "ఇంటిదాకా వస్తాను. గేటు ముందు మాత్రం దిగిపోతాను. మీరొక్కరే తిప్పుకోండి."

దారి పొడవునా ఆమె అతని చొక్కా పట్టుకునే ఉంది. గేటుకు ఇవతల అతను కాళ్లు ఆనించి ఆపాడు.

"దిగుతావా?"

ఆమె దిగలేదు. కాసేపటికి భుజం మీదుగా ఆ చెయ్యి ముందుకొచ్చి, గేటు వైపు తిరిగింది.

"త్వరగా తిప్పండి, చెయ్యి లాగుతోంది."

"త్వరగా కుదరదే" అన్నాడు, క్లచ్ సగం వదులుతూ. "నెమ్మదిగానే తిప్పాలి."

గేటు దాటి లోపలికి వచ్చాక ఆమె పిడికిలి బిగించింది.