అబ్బులు చెయ్యి

నాలుగో దిమ్మ డబ్బాలోంచి జారి చెక్కపలక మీద పడింది. అబ్బులు కొక్కెం దాని నెత్తిన దిగేసి, ఒళ్ళు వెనక్కి వాల్చి లాగాడు. నూట ముప్ఫై కిలోల ఐసు అతని వెంట బుద్ధిగా క్రషర్ నోటిదాకా నడిచి వచ్చింది. దాన్ని లోపలికి తోసి, చెయ్యి వెనక్కి తీసుకుని, వేళ్ళకేసి ఒకసారి చూసుకున్నాడు. కుడిచేతి ఉంగరం వేలు సగం, ఇరవయ్యేళ్ళ కిందట ఈ నోట్లోనే పోయింది. అప్పటినుంచి దిమ్మ తోసిన ప్రతిసారీ మిగతావి ఉన్నాయో లేదో చూసుకోవడం అలవాటైంది. చూసుకోవాల్సిందే, తడిమితే తెలియదు. ముప్ఫై ఏళ్ళు ఐసు పట్టిన వేళ్ళకి స్పర్శ ఎప్పుడో పోయింది.

పొట్టి మనిషి. అరవై దాటాయి. ఏ కాలమైనా ఒంటిమీద చేతుల్లేని ఊలు స్వెట్టరు, కాళ్ళకి మడమ దగ్గర చిట్లిన రబ్బరు బూట్లు. మండవల్లి ఐసు ఫ్యాక్టరీలో ఓనర్లు ముగ్గురు మారారు, క్రషర్లు రెండు మారాయి, అబ్బులు మారలేదు. బయట చేపల లారీ ఎదురుచూస్తోంది. ఆ లోడుకి ఐసు అందించి ఎనిమిదింటికల్లా బయటపడాలి. ఇవాళ అతనికి సగం రోజు సెలవు. చిన్ననాటి స్నేహితుడు బుల్లిరాజు వస్తాడు, అతనితో తాడేపల్లిగూడెం వెళ్ళాలి, అక్కడ అబ్బులు తన చేత్తో బయానా ఇవ్వాలి.

ఈ చేతి సంగతి చెప్పాలి. నలభై ఏళ్ళ కిందట స్నేహితుడు ప్రసాదరావు గేదెని కొంటూ, ఏదో తోచి, బయానా అబ్బులు చేత ఇప్పించాడు. ఆ గేదె వరసగా నాలుగు ఈతలూ పెయ్యదూడల్నే వేసింది. న్యాయంగా అయితే పేరు గేదెకి రావాలి. వచ్చింది మాత్రం అబ్బులు చేతికి. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఎవరు ఏ పెద్ద వస్తువు కొన్నా, మొదటి కట్ట అబ్బులు చేతిమీదుగా వెళ్ళాల్సిందే. వేలు సగం పోయాక ఆ పేరు పోతుందేమో అనుకున్నాడు గానీ, క్రషర్లో పడి కూడా చెయ్యి దక్కిందంటే ఎంత మంచి చెయ్యో చూడండని ఊరు ఇంకా గట్టిగా నమ్మింది.

ఆ చెయ్యి ప్రసాదరావు రొయ్యల చెరువు లీజుకి కూడా బయానా ఇచ్చింది. రెండో పంటకి తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్యంతా పోయింది. ప్రసాదరావు ఇప్పుడు ఇంకొకరి చెరువు మీద కాపలా ఉంటున్నాడు. భీమశంకరం మాస్టారు రిటైరైన డబ్బుతో ఏలూరు అవతల నాలుగు ప్లాట్లు కొంటే దానికీ ఇచ్చింది. అవి చేపల చెరువు పూడ్చి వేసిన ప్లాట్లు. వానాకాలం వస్తే హద్దురాళ్ళు కూడా కనపడవు. మాస్టారు గొడుగేసుకుని వెళ్ళి, గట్టున నిలబడి చూసి వస్తూంటాడు. రొయ్యల సంగతీ, ప్లాట్ల సంగతీ అబ్బులుకి ముందే తెలుసు. చేపలకి ఐసు పోసే మనిషికి ఏ చెరువులో ఏం చచ్చిందో, ఏ చెరువుని దేంతో పూడ్చారో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తెలిసినా నోరు విప్పలేదు. కొత్త వస్తువు ముందు నిలబడ్డ స్నేహితుడి మొహం వెలిగిపోతూంటే, "మంచిదేరా" అనడం తప్ప అతనికి ఇంకోటి వచ్చేది కాదు. పైగా, నిజం దాచడం దేనికి, బయానా ఇచ్చే రోజున అతనికి ఇస్త్రీ చొక్కా ఉండేది, హోటల్లో భోజనం ఉండేది, పదిమందిలో ముందు నడవడం ఉండేది. తను మాత్రం జన్మలో కొన్న పెద్ద వస్తువు ఒక సైకిలు. దాని డబ్బు ఎవరి చేతా ఇప్పించలేదు. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఏడు కాకముందే ఫ్యాక్టరీ గేటు దగ్గర బుల్లిరాజు భార్య కనకరత్నం కనపడింది. చేతిలో ఖాళీ స్టీలు క్యాను. ఐసుకని ఎవరైనా అనుకోవాలని తెచ్చుకున్నట్టుంది.

"అన్నయ్యగారూ, ఒక్క మాటండీ."

"చెప్పమ్మా."

"చేను అమ్మేశాం. సరే, మూడువైపులా చెరువులు తవ్వేశాక ఊటనీళ్ళలో పండేదేముందండీ, అమ్మక తప్పదు. ఆ డబ్బు పెట్టి వరికోత మిషన్ కొంటానంటున్నారు. మనదీ చెరువైపోయింది, పక్కవాళ్ళదీ చెరువే. దేన్ని కోస్తారండీ దాంతో?"

అబ్బులు కొక్కేన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నేను చెబితే ఆడదానివి నీకేం తెలుసంటారు. మీరు చెయ్యి ఇవ్వనంటే ఆగిపోతారండీ. మీ చెయ్యి లేకుండా ఆయన ఏదీ కొనరు. మాకింక ఉన్నది ఆ డబ్బొక్కటేనండీ."

"చెబుతానమ్మా" అన్నాడు అబ్బులు. కనకరత్నం ఖాళీ క్యానుతోనే వెనక్కి వెళ్ళింది.

ఎనిమిదింటికి బుల్లిరాజు వచ్చాడు. తెల్లచొక్కా, నుదుట బొట్టు, చొక్కా లోపల తువ్వాలుతో కట్టుకున్న లక్ష రూపాయలు. మిగతాది సాయంత్రానికి బ్యాంకు నుంచి పంపే ఏర్పాటు. పదకొండున్నర దాటితే దుర్ముహూర్తం అంటూ అబ్బుల్ని ఊపిరి తీసుకోనివ్వకుండా బస్సెక్కించాడు.

రోడ్డుకి రెండుపక్కలా చెరువులు. గట్ల మీద మేత బస్తాలు, వాటి పక్కన కొంగలు. ఎక్కడో ఒక మడి పచ్చగా కనపడి అంతలోనే వెనక్కి పోతోంది. ఇంతకంటే మంచి అదను దొరకదనుకున్నాడు అబ్బులు.

"ఒరేయ్ బుల్లీ, ఈ దారంతా ఒకప్పుడు వరే కదరా."

"కాదా మరి! కైకలూరు దాకా చూపు ఆనేది కాదు. నీకు గుర్తుందా, ఇక్కడికే నూర్పిళ్ళకొచ్చేవాళ్ళం. గడ్డిమేటు మీంచి దూకి నువ్వు కాలు బెణికించుకున్నావు." బుల్లిరాజు మొహం చిన్నపిల్లాడిలా అయిపోయింది. "అందుకేరా మిషన్ కొనేది. ఊరంతా చేపలోళ్ళయిపోయారు. నేను వరి మనిషినిరా. చేను లేకపోతే పోయింది, కోతల్లో నేనుండాలి."

అబ్బులు కొల్లేరు మీంచి వచ్చే గాలికి కళ్ళు మూసుకున్నాడు. ఎడమ భుజం పొద్దుటినుంచీ లాగుతోంది. కొక్కెం పట్టినవాడికి భుజం లాగకుండా ఎలా ఉంటుందని సరిపెట్టుకున్నాడు.

ఏలూరు బస్టాండులో టీ తాగుతూ ఇంకోసారి ప్రయత్నించాడు. "పోస్టాఫీసులో వేసుకుంటే నెలనెలా వస్తుందిగదరా."

"నేను పోయాక మీ చెల్లెమ్మని వేసుకోమను" అని బుల్లిరాజు పకపకా నవ్వి, అతని గ్లాసులో తన బిస్కెట్టు ముంచుకుని తిన్నాడు. ఏడేళ్ళ వయసునుంచీ వాళ్ళిద్దరి మధ్యా నడుస్తున్న దొంగతనం అది.

తాడేపల్లిగూడెంలో పాత మిషన్ల యార్డు మెయిన్ రోడ్డుకి కొంచెం లోపల ఉంది. యార్డు నడిపే నిరంజన్ కుర్రవాడే, మర్యాద తెలిసినవాడు. కుర్చీలు వేయించి, కూల్‌డ్రింకులు తెప్పించి, "రండి బాబాయ్‌గారూ, మీకోసమే ఉంచానండీ" అని చూపించాడు. చైన్ల మీద నడిచే కోత మిషన్, నున్నగా, ఆకుపచ్చగా మెరుస్తోంది. బుల్లిరాజు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చెప్పులు విప్పి పైకెక్కి సీట్లో కూర్చున్నాడు. ఎదురుగా యార్డు గోడ తప్ప ఏమీ లేకపోయినా, పండిన చేను కనపడుతున్నట్టు చాలాసేపు అటే చూశాడు.

అబ్బులుకి కాస్త కళ్ళు తిరిగినట్టయి, మిషన్ పక్క రేకుమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాసేపయ్యాక, అలవాటు ప్రకారం చెయ్యి తీసి చూసుకున్నాడు. అరచెయ్యంతా ఆకుపచ్చ. రంగు తడి ఆరలేదు. ఆ వేళ్ళకి తడి తెలియలేదు. రేకు మీద చెయ్యి ఆకారం పడింది, నాలుగు వేళ్ళూ, ఒక సగం వేలూ. రంగు లేచిపోయిన ఆ ముద్రలోంచి తుప్పు ఎర్రగా కనపడుతోంది.

"రంగు ఎప్పుడేశారండీ?" అని అడిగాడు.

"చిన్న టచప్ అండీ. పెళ్ళిచూపులకి పౌడరు రాసుకోరండీ?" అని నవ్వాడు నిరంజన్.

అబ్బులు నవ్వలేదు. "ఒరేయ్, దిగిరా. ఇది చూడు. లోపలంతా తుప్పురా."

బుల్లిరాజు దిగి వచ్చి చూశాడు. చూసి, అబ్బులు భుజం మీద ఒక్క చరుపు చరిచాడు. "నీ చెయ్యి పడిందిరా దానిమీద! అడక్కుండా పడింది! ఇంకేం కావాలి?"

టైము పదకొండూ ఇరవై. బుల్లిరాజు చొక్కాలోంచి తువ్వాలు తీసి, ముడి విప్పి, కట్ట అబ్బులు ముందు పెట్టాడు. అబ్బులు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దురా" అన్నాడు.

స్నేహితుడి వస్తువు ముందు నిలబడి ఆ మాట అనడం అతనికి అదే మొదలు. ఆగితే మళ్ళీ అనలేనని గబగబా చెప్పేశాడు. "కొయ్యడానికి వరేదిరా? మన ఊళ్ళో ఉన్న మిషన్లకే పని లేదు. నా చెయ్యి మంచిది కాదురా. ప్రసాదరావు రొయ్యలకిచ్చింది ఈ చెయ్యే. మాస్టారి ప్లాట్లకిచ్చింది ఈ చెయ్యే. అవి పోతాయని నాకు తెలుసురా. తెలిసి కూడా చెప్పలేదు. నీకైనా చెప్పనివ్వు."

నిరంజన్ ఫోను చూసుకుంటూ పక్కకి వెళ్ళిపోయాడు. బుల్లిరాజు మొహంలో వెలుగు కాసేపట్లోనే పోయింది. అరవై ఏళ్ళూ ఒక్కసారి వచ్చి మీద కూర్చున్నట్టయింది.

"చేను అమ్మిన రోజునుంచీ నాకు నిద్ర లేదురా" అన్నాడు మెల్లిగా. "పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళాలో తెలీదు. గట్టు లేదు, చేను లేదు. ఇది కూడా లేకపోతే నేనెవర్నిరా?"

అని, అబ్బులు కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని ముందుకి తెచ్చాడు. రంగంటిన అరచేతిలో కట్ట పెట్టాడు. అక్షరాలు దిద్దించేవాడిలా ఆ చేతిని తన చేత్తో నడిపించి నిరంజన్ వైపు చాపాడు. దిమ్మలు లాగే చెయ్యి అది. ఒక్కసారి విదిలిస్తే బుల్లిరాజు అంత దూరాన పడేవాడు. కానీ తన మణికట్టు మీద ఆ వేళ్ళు వణుకుతున్నాయి. వణికే చేతిని విదిలించుకోవడం అబ్బులుకి చేతకాలేదు. కట్ట చేతులు మారింది.

తిరుగు బస్సులో బుల్లిరాజు అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, అరకిలో మైసూర్‌పాక్ పొట్లం ఒళ్ళో పెట్టాడు. ఇద్దరిలోనూ కోపం లేదు. మండవల్లిలో దిగాక కనకరత్నం గుమ్మంలోనే ఉందని దూరంనుంచే చూసి, అబ్బులు ఆ వీధిలోంచి కాకుండా చుట్టుతిరిగి ఇంటికి వెళ్ళాడు. తలెత్తి ఆ తల్లి మొహం ఎలా చూడాలి?

ఇంట్లో భార్య పాపమ్మ అతని అరచెయ్యి చూసి కిరసనాయిలు, పాత గుడ్డ తెచ్చింది. అరుగుమీద ప్లాస్టిక్ కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి, కింద తను కూర్చుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. సాయంత్రం ఎండ ఇంకా గోడమీద ఉంది.

"కనకరత్నం వచ్చి అంతా చెప్పింది. చెప్పారా ఆయనకి?"

"చెప్పానే."

"ఏవన్నారు?"

"పాపం" అన్నాడు అబ్బులు, గోడకి తల ఆనించి.

ఎవరు పాపమో ఆమె అడగలేదు. ఒక్కొక్క వేలే పట్టుకుని రుద్దింది. గోళ్ళ సందుల్లో రంగు వదలడం లేదు. మధ్యమధ్య ఏదో చెబుతూనే ఉంది, పాలవాడి సంగతి, నీళ్ళ మోటారు సంగతి. సగం వేలు దాకా వచ్చేసరికి, ఇంతసేపూ ఆయన ఊఁ కొట్టలేదని తట్టింది. చెయ్యి చల్లగా ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ చెయ్యి చల్లగానే ఉండేది. అందుకే ఆమెకి తెలియలేదు.

శవం మీద గుడ్డ కప్పినా కుడిచెయ్యి ఆకుపచ్చగా బయటికి కనపడుతూనే ఉంది. బుల్లిరాజు ఆ చెయ్యి వదలకుండా తెల్లవార్లూ కూర్చున్నాడు.

ఆ దాళ్వాకి, రెండో పంట కోతలకి, మిషన్ పదకొండు రోజులు తిరిగింది. తరువాతి సార్వాకి, వానాకాలం పంటకి, ఆరు రోజులు. ఈ దాళ్వాకి పిలిచినవాళ్ళు లేరు. పోయినేడు కోసిన చేలల్లో సగం ఇప్పుడు చెరువులు. కనకరత్నం చేపల ప్యాకింగ్ షెడ్డుకి పనికి వెళుతోంది. మొన్న గుడివాడ వైపునుంచి ఒక బేరగాడు వచ్చాడు. మిషన్ కొన్న ధరలో మూడో వంతు ఇస్తానన్నాడు. అది తక్కువేమీ కాదని కనకరత్నం అనుకుంది. బుల్లిరాజు కూడా ఊఁ అన్నాడు. బేరగాడు మిషన్ చుట్టూ తిరిగి, పక్క రేకు దగ్గర ఆగి, "ఇదంతా గీకేసి రంగేయించుకుంటే సరిపోద్దిలెండి" అన్నాడు.

బుల్లిరాజు లేచి వచ్చి రేకుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇవ్వనండీ" అన్నాడు. "ఏమీ అనుకోకండి. ఇది అమ్మేది కాదండీ."

కనకరత్నం భర్త వెనకాల రేకుకేసి చూసింది. షెడ్డుకి టైమైందని క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది.

చెరువు గట్టున మిషన్ అలాగే ఉంది. రంగు వెలిసిన పక్క రేకు మీద, నాలుగు వేళ్ళూ ఒక సగం వేలూ, తుప్పు పట్టిన అరచెయ్యి ఒకటి, వద్దన్నట్టు చాపి ఉంది.