గుమ్మడికాయలో కాఫీ పొడి

గుమ్మడికాయలో కాఫీ పొడి వేస్తే మాత్రం కొంప మునుగుతుందా ఏం, తీపి పక్కన చేదు నిలబడితేనే కదా తీపికి విలువ, వేసే ధైర్యం ఎవరికీ లేక గానీ, అనుకుంటూనే ఆమె అర చెంచా చల్లేసింది, చల్లాక కాస్త నాలుకకు రాసుకుని చూసింది, తాను అనుకున్న చోటే చేదు వచ్చి కూర్చుంది, ఈ నాలుక ఎప్పుడు తప్పు చెప్పింది గనక, సూపు ప్యాకెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం ఊరికే ఇచ్చారా, పొద్దున్నే వరసగా గిన్నెలు పెడతారు, చెంచాడు నోట్లో పోసుకుని నాలుక మీద తిప్పాలి, సింకులో ఉమ్మేయాలి, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి మార్కులు వేయాలి, మింగితే తరవాతి గిన్నె రుచి తేలదు, అందుకే ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ సూపు ఒక్క గిన్నెడు కూడా ఆమె కడుపులోకి పోలేదు, ఇంట్లోకీ రాలేదు, ప్యాకెట్టు ఈ గడప తొక్కకూడదని పెళ్ళైన కొత్తలోనే మొగుడికి చెప్పేసింది, డ్రిల్లు మాస్టారు కనక ఆయన నిటారుగా నిలబడి సరేనన్నాడు, ఈ ఇంట్లో తినేది ఇంట్లో వండిందే, అదీ ఇంతకుముందు ఎవరూ వండనిది.

బుల్లి ఒక్కతే తినడం లేదు, బుల్లి అంటే మాస్టారి చెల్లెలు, పిల్లలకు ఈత నేర్పే మనిషి, నీళ్ళలో దూకితే చేపపిల్లే, జ్వరం వచ్చి పోతూ పోతూ ఆకలిని కూడా వెంట తీసుకుపోయింది, నా దగ్గర ఉంచుకుంటాను, నా చేతి వంట తింటే పది రోజుల్లో మీరే గుర్తుపట్టరు అని డాక్టరుతో ఎంత ధీమాగా చెప్పింది, చెప్పినట్టే చేపలో చాక్లెట్టు తురిమింది, క్యాబేజీలో నారింజ తొక్క వేసింది, అన్నిటికీ బుల్లి రెండు ముద్దలు తిని, చాలా బాగుంది వదినా అని కంచం పక్కకు జరుపుతుంది, బాగుంటే తినదేం, ఇంకో వారంలో బరువు పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనన్నాడు డాక్టరు, నిన్న జడ వేస్తుంటే ఆ పిల్ల మెడ ఎముకలు చేతికి తగిలాయి, ఆమెకు భయం వేసింది, భయపడి ఏం లాభం, గుమ్మడికాయ అలా కాదు, ఇది తింటుంది, తినకపోతే నా పేరు మార్చుకుంటాను, అనుకుంటూ గిన్నెలోకి తీసి మేడమెట్లు ఎక్కింది.

సగం మెట్ల మీదే వాసన తగిలింది, వేయించిన ఉల్లిపొడి, మొక్కజొన్న పిండి, చివర్లో మిరియం, ఇంకెవరికైనా అది ఉత్త సూపు వాసన, ఆమెకు కన్నబిడ్డ గొంతు, మిరియం సగం తగ్గించండి అని పోయిన నెల తానే రాసిచ్చి మార్పించిన మొక్కజొన్న సూపు అది, బట్టలు ఇస్త్రీ చేసే గదిలోంచి వస్తోంది, తలుపు ఓరగా ఉంది, లోపల కెటిల్ ముందు డ్రిల్లు మాస్టారు గొంతుక్కూర్చున్నాడు, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి అయినా అంత ప్రశాంతంగా ఉండదు, పక్కన ఇస్త్రీ కాని బట్టల మూటకు ఆనుకుని బుల్లి, చేతిలో గిన్నె, ఆమెకు ఒళ్ళు మండిపోయింది, పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, వీళ్ళకి నా కూరే పొరుగింటి నుంచి రావాలి కాబోలు, తలుపు తోయబోయింది, అప్పుడు చెంచా గిన్నె అడుగును గీకిన చప్పుడు వినిపించి చెయ్యి ఆగిపోయింది, గీకుతోంది, బుల్లి గీకుతోంది, ఈ ఇంట్లోకి వచ్చాక ఆ పిల్ల గిన్నె అడుగు చూడడం ఇదే మొదలు.

వదిన వంట దీనికన్నా వంద రెట్లు నయంరా అన్నయ్యా, అంటోంది బుల్లి, కాకపోతే ముద్ద నోట్లో పెట్టగానే పాపం నా మొహంలోకే చూస్తుంది, ఏం చెప్పాలా అని వెతుక్కునేలోపు ఆకలి చచ్చిపోతుంది, ఇదైతే నన్నేమీ అడగదు, అవునమ్మా నాకూ అంతే, అన్నాడు ఆ పిరికి మాస్టారు, ఎక్కువ మార్కులు వేస్తే అబద్ధమంటుంది, తక్కువ వేస్తే నీ నాలుకకి తుప్పు పట్టిందంటుంది, ఆమెకు నవ్వు వచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది, నిజమే, ఉప్పు సరిపోయిందా, చేదు ముందు తెలిసిందా చివర్లోనా, అని తాను చెంచా పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటుంది, ఫ్యాక్టరీలో ఆ వరస గిన్నెల ముందు తనకెప్పుడైనా ఆకలి వేసిందా, ఒక్కనాడూ లేదు, మార్కులు వేసే నోటికి ఆకలెక్కడిది, ఆ రుచి చూసే గదిని తానే తెచ్చి ఇంట్లో పెట్టింది, మొగుణ్ణీ ఆడపడుచునూ సింకు ముందు నిలబెట్టింది.

తలుపు తోసి లోపలికి వెళ్ళింది, మాస్టారు లేచి నిటారుగా నిలబడ్డాడు, కూర్చోండి, నాకూ ఓ కప్పు కలపండి, అంది, ఆయన కలిపి ఇచ్చిన కప్పు తీసుకుని తాగింది, మొదటి గుక్కకు నోరు అలవాటు కొద్దీ సింకు కోసం వెతుక్కుంది, మింగింది, తరవాతిదీ మింగింది, ఉప్పు ఎక్కువే, పొద్దుటి నుంచీ పొయ్యి ముందు నిలబడి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది, కప్పు ఖాళీ చేసింది, గుమ్మడికాయ గిన్నె అందరి మధ్యా నేల మీద పెట్టి, అందులోంచి తన వాటా తాను తింటూ, మీ ఈతకొలనులో ఈ కాలంలో నీళ్ళు చల్లగా ఉంటాయా బుల్లీ, అని అడిగింది, మొదట ఒళ్ళు జలదరిస్తుంది వదినా, ఆ తరవాత బయటికి రాబుద్ధి కాదు, అంటూ బుల్లి కబుర్లలో పడి గుమ్మడి ముక్క ఒకటి నోట్లో వేసుకుంది, ఎలా ఉందన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది, దాన్ని గట్టిగా మింగి, చూపు తిప్పి ఇస్త్రీపెట్టె తీగను చుట్టడం మొదలుపెట్టింది, బుల్లి చెయ్యి ఇంకోసారి గిన్నె వైపు వెళ్ళింది, ఆమె తల ఎత్తలేదు, రేపు దోసకాయలో అల్లం మురబ్బా వేయాలి, వేసి తీరుతుంది, ఆకలి రుచెరుగదని పెద్దవాళ్ళన్నారు గానీ దానికి మొహమాటం ఎక్కువని ఎవరూ చెప్పలేదు, చూస్తూ నిలబడితే రాదు.