సెట్‌కు రెండు పుట్టిళ్లు

ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు, ఇంగ్లీషు మాటల్లో సగానికి పైగా అవలీలగా దాటేసిన పండితుడు మూడక్షరాల ముక్క దగ్గర చిక్కుకుపోయాడు. ఆ ముక్క పేరు సెట్. నిఘంటువులు అచ్చువేసే ఆఫీసులో ఆయన్ని అందరూ పండితుడనే పిలిచేవారు. అందులో గౌరవం ఎంతో, ఎకసెక్కెం ఎంతో ఆయన ఎప్పుడూ తూచి చూసుకోలేదు.

సూర్యుడు కుంగితే సెట్. సిమెంటు గట్టిపడితే సెట్. విరిగిన ఎముకను అతికిస్తే సెట్, కప్పులూ సాసర్లూ కలిపి అమ్మితే సెట్, నాటకంలో అట్టముక్కల రాజభవనం సెట్. పంకా బాగుచేసినవాడు నిచ్చెన దిగుతూ "సెట్ అయింది సార్" అన్నా సరే, పండితుడు జేబులోంచి చీటీ తీసి రాసుకునేవాడు. పంకా తిరుగుతోందో లేదో చూసేవాడు కాదు.

తవ్వగా తవ్వగా ఆయనకు తేలిందేమంటే, అది ఒక మాట కాదు, రెండు. ఉంచడం, కూర్చోబెట్టడం అనే అర్థాలది పాత ఇంగ్లీషు ఇంటిబిడ్డ. గుంపు అనే అర్థానిది లాటిన్ పుట్టుక. అనుచరులు అనే అర్థంతో పుట్టి, ఫ్రెంచివాళ్లింట పెరిగి, ఇంగ్లీషు గడప తొక్కింది. రూపం ఒకటే కావడంతో శతాబ్దాలుగా రెండూ ఒకే కంచంలో తిని, ఎవరు ఎవరి తాలూకో మరిచిపోయాయి.

రెండింటినీ విడివిడిగా వేయాలని పండితుడు పట్టుబట్టాడు. పేజీలు పెరుగుతాయి, ఒకే మాటగా కలిపేయమన్నాడు యజమాని. చదివేవాడికి అర్థం కావాలి గానీ వంశవృక్షం దేనికన్నాడు.

"రక్తసంబంధం లేనివాళ్లని ఒక గదిలో పెట్టి అక్కాచెల్లెళ్లని రాయమంటే నేను రాయను" అన్నాడు పండితుడు.

ప్రూఫులు దిద్దే ఆవిడ నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగింది. ఆయన ఏడాది కిందటే రెండో పెళ్లి చేసుకున్నాడని ఆ గదిలో తెలియనిదెవరికి?

పండితుడి మొదటి భార్య పోయింది. ఇప్పటి భార్య గాజుసామాను దుకాణంలో పనిచేసేది. ఆవిడ భర్తా పోయాడు. ఆయనకు పన్నెండేళ్ల కూతురు, ఆవిడకు పదకొండేళ్ల కూతురు. ఇద్దరినీ ఒకే గదిలో ఉంచి పండితుడు ఒక శాసనం చేశాడు: ఈ ఇంట్లో నీది, నాది అనే మాటలు వినిపించకూడదు. పిల్లలు తు.చ. తప్పకుండా పాటించారు. ఒకరితో ఒకరు అసలు మాట్లాడటమే మానేశారు. వాళ్లమానాన వాళ్లను వదిలేయమని భార్య చెబితే, అలవాటు చేస్తేనే కలుస్తారని ఆయన వాదించాడు.

ఒక ఆదివారం ఆ గదిలో నేలమీద సుద్దగీత కనిపించింది. కిటికీ దగ్గర మొదలై, అలమర మధ్యగా పోయి, గుమ్మం దగ్గర ఆగింది. పండితుడు తడిగుడ్డ తెచ్చి తుడిచేశాడు. సాయంత్రానికి గీత మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచాడు. మూడోసారి గీస్తూ పట్టుబడ్డారు. ఆయన కూతురు కిటికీ దగ్గర దారం కొస పట్టుకుని ఉంది. ఆవిడ కూతురు రెండో కొస కాలివేలి కింద తొక్కిపట్టి, ఒంగి గీత గీస్తోంది. వంకర పోతోందని ఒకరు, నువ్వు వదులుగా పట్టుకున్నావని ఇంకొకరు. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. ఆయన్ని చూడగానే నవ్వు ఆపి, ఇద్దరూ కలిసి తలుపేసి గడియపెట్టారు.

పండితుడు తడిగుడ్డతో వంటింట్లోకి వచ్చి, ఇంత జరుగుతుంటే చూస్తూ కూర్చున్నావేమని భార్యను అడిగాడు.

"వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి. ఆ గుడ్డ ఇలా ఇవ్వండి" అని ఆవిడ పొయ్యిగట్టు తుడుచుకుంది.

ఆ రాత్రి ఆయనకు సరిగా నిద్రపట్టలేదు. కలపాలని తను చూస్తే విడిపోయినవాళ్లు, విడిపోవడానికి కలిశారు. మర్నాడు ఆఫీసుకు వెళ్లి, పుట్టుక ఏదైతేనేం, ఇన్నాళ్లు కలిసి బతికినవి ఇక ఒకటేననీ, ఒకే మాటగా వేసేద్దామనీ యజమానితో చెప్పాడు.

యజమాని ముఖం మాడిపోయింది. ముందురోజే ఏదో సభలో ఈ రెండు పుట్టిళ్ల సంగతి తన పరిశోధనలాగా చెప్పి చప్పట్లు కొట్టించుకుని వచ్చాడు. ఇప్పుడు కలిపేస్తే పరువేం కావాలి?

"శాస్త్రం శాస్త్రమేనండీ. రాజీపడితే ఎలా?" అన్నాడు.

ఇద్దరూ మళ్లీ వాదులాడుకున్నారు, ఈసారి ఒకరి మాటలు ఒకరు అరువు తెచ్చుకుని. చివరకు జీతమిచ్చేవాడే గెలిచాడు. సెట్ రెండు మాటలుగానే అచ్చయింది. శాస్త్రనిష్ఠకు పండితుణ్ణి పదిమందీ మెచ్చుకుంటే, ఆయన తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

పుస్తకం వచ్చిన రోజు సాయంత్రం ఇంటికి వచ్చి పిల్లల తలుపు తట్టాడు. లోపల దువ్వెన గురించి జోరుగా రచ్చ నడుస్తోంది: నీది కాదు నాది, నాది కాదు నీది. తట్టిన చప్పుడుకు రెండు గొంతులూ ఒక్కసారే ఆగాయి.

"తర్వాత రా నాన్నా, పోట్లాటలో ఉన్నాం" అంది ఆయన కూతురు. అరగంట పడుతుందని రెండో పిల్ల లోపలి నుంచే కలిపింది.

పండితుడు సరేనని చెప్పి, వంటింట్లోకి వెళ్లి భార్య పక్కన పీట వాల్చుకున్నాడు.