ఫ్యానుకు పెట్టిన బొట్టు

తెర మీద మళ్లీ అడ్డగీతలు పడ్డాయి. ముందు పచ్చవి, వెనకాలే ఎర్రవి, ఆపైన అంతా నల్లబడి కంప్యూటరు ఊరుకుంది. త్రినాధరావు మౌసు మీంచి చెయ్యి తియ్యలేదు. గుమ్మం వైపు చూసే ధైర్యం అతనికి లేదు. గుమ్మం అవతల మెట్టు మీద మరిడమ్మ కూర్చుని ఉంది.

తుమ్మపాల మరిడమ్మ పరాయి మనిషేం కాదు. మొన్న మాఘంలో ఆవిడ కూతురు బిందుమాధవి పెళ్లికి వీడియో తీసింది త్రినాధరావే. రాట వేసిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఆ పందిట్లో కాలు నిలవకుండా తిరిగినవాడు మరిడమ్మ మొగుడు సత్తియ్య. అలాంటి మనిషి చెరకు నరికిస్తూ, గుండెల్లో మంటగా ఉంది, మంచినీళ్లియ్యండని గట్టు మీద కూలబడి మరి లేవలేదు. రేపు పెద్దకర్మ. పటం కట్టించి దండ వెయ్యాలంటే ఫోటో కావాలి. బతికినన్నాళ్లూ, కూతురి పెళ్లిలో కూడా, ఆయన ఒక్క ఫోటో తీయించుకుంటే కదా! రేషన్ కార్డు మీదున్నది బొమ్మో సిరా మరకో తెలీదు. సెల్‌ఫోనంటే మాట్లాడుకోడానికే అనుకునే రోజులవి.

ఇంక మిగిలింది పెళ్లి వీడియో, అదీ ఇంకా సీడీ చేసి ఇవ్వలేదు. కేసెట్టు ఏదీ అంటారేమో, దాని మీద పాయకరావుపేటలో ఇంకో పెళ్లి తీసేశాడు త్రినాధరావు. కంప్యూటర్లోకి ఎక్కించాక కేసెట్టు మళ్లీ వాడుకోవడం అందరూ చేసేదే. వేరే కంప్యూటర్లో చూద్దామంటే ఆ ఫైలు ఈ కంప్యూటర్లో ఉన్నలాంటి వీడియో కార్డుతో తప్ప తెరుచుకోదు. అలాంటి కార్డు ఇంకోటి విశాఖపట్నం నుంచి తెప్పించేలోపు పెద్దకర్మ అయిపోతుంది. అంచేత సత్తియ్య మొహం భూమ్మీద ఇంకా ఉందంటే ఆ ఇనప పెట్టెలోనే ఉంది.

మైలలో ఉన్న మనిషి ఇల్లు కదలకూడదు. అయినా మరిడమ్మ షేర్ ఆటో ఎక్కి వచ్చేసింది. స్టూడియో అంటే త్రినాధరావు ఇంటి ముందు గదే కాబట్టి, ఆ గడప మాత్రం తొక్కకుండా మెట్టు మీద ఆగిపోయింది. అతని తల్లి అప్పలకొండమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, చేతికివ్వకుండా కింద పెట్టి వెళ్లింది.

త్రినాధరావు కరెంటు దోషమనుకుని స్టెబిలైజరు మార్చి చూశాడు. మెమరీ ముక్క ఊడదీసి పెన్సిలు రబ్బరుతో తుడిచి పెట్టాడు. ఏం చేసినా కాసేపు బాగానే ఉండి, పెళ్లి వీడియో తెరిచేసరికి గీతలు. చివరికి కశింకోటలో కంప్యూటర్లు బాగుచేసే రోనాల్డ్‌కి ఫోను చేస్తే, చేతిలో పని వదిలేసి మోటారు సైకిలు మీద వచ్చాడు. పక్క తలుపు విప్పి లోపల వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"పెనంలాగుంది బావా. తెర మీద బొమ్మేసే కార్డు ఇదే. దీని ఫేను తిరగట్లేదు."

టార్చి వేసి మరీ చూసి, అతను నవ్వాలో వద్దో తెలియనట్టు మొహం పెట్టాడు. "ఇదేటి బావా, ఫేనుకి బొట్టెట్టేవు?"

దసరాకి ఆయుధపూజ అందరూ చేస్తారు. మిగతావాళ్లు పెట్టె పైన బొట్టు పెట్టి ఊరుకుంటారు. పనిచేసేది లోపలిది కదా, పైన పెడితే ఏం లాభమని త్రినాధరావు తలుపు విప్పి, కార్డు మీద తిరిగే ఆ చిన్న ఫ్యాను నడిమధ్యన నిండుగా గంధం పూసి కుంకం అద్దాడు. ఆ గంధం ఇరుసులోకి జారి రాయిలా గట్టిపడింది. చలికాలమంతా ఎలాగో నెట్టుకొచ్చి, ఎండలు ముదిరేసరికి బిగుసుకుపోయింది.

రోనాల్డ్ కార్డు ఊడదీసి, దూదికి స్పిరిట్ అద్దాడు. అప్పలకొండమ్మ గబగబా అడ్డం వచ్చింది.

"ఆగు బాబూ. పూజలో ఎట్టిన బొట్టది. శుక్రోరం పూట, అందులోనూ..." అని మెట్టు వైపు చూసి మిగతాది మింగేసింది.

రోనాల్డ్ చెయ్యి ఆగిపోయింది. రేపేదైనా జరిగితే మేరీమాతకి మొక్కేవాడు మా బొట్టు తుడిచాడంటారని అతని భయం. తుడుచుకుంటే నువ్వే తుడుచుకో బావా అని దూది త్రినాధరావుకిచ్చాడు. త్రినాధరావు దూది పట్టుకున్నాడే గాని చెయ్యి ముందుకెళ్లలేదు. ఎండ గడప దాకా వచ్చింది.

"ఇలాగియ్యి తమ్ముడా, నాను తుడుత్తాను," అంది మరిడమ్మ. ఆవిడ నుదుట బొట్టు ఇంకా కాసంత ఉంది. "రేపు నాది ఎలాగూ తుడిసేత్తారు."

కార్డు మెట్టు దగ్గరికి వెళ్లింది. ఒళ్లో పెట్టుకుని, చంటిదాని చెవి తుడిచినట్టు మెల్లగా తుడిచిందావిడ. గంధం రేకులు రేకులుగా లేచింది. రోనాల్డ్ సూదితో ఇరుసు గీకి, కుట్టుమిషను నూనె చుక్క వేసి ఊదితే, ఫ్యాను బద్ధకంగా ఒక చుట్టు తిరిగింది. ఇది కాసేపే తిరుగుతుంది, తొందరగా కానీమని చెప్పి కార్డు బిగించాడు. టేబులు ఫ్యాను తెచ్చి పెట్టె పక్కన తిప్పాడు.

వీడియో తెరుచుకుంది. మరిడమ్మ మెట్టు మీంచే మెడ చాచింది.

"మైలా గియిలా తరవాత కడుక్కుందాం. లోనికి రావే," అంది అప్పలకొండమ్మ.

మరిడమ్మ వచ్చి త్రినాధరావు వెనక నిలబడింది. సత్తియ్య ఉన్నాడు, ఉన్నాడు గాని ఎక్కడా మొహం లేదు. కుర్చీలు మోస్తూ వీపు కనిపిస్తాడు. కాళ్లు కడిగేటప్పుడు తల వంచేశాడు. తాళి కట్టే వేళ ఎవరి చెయ్యో అడ్డం. త్రినాధరావుకి చెమట కళ్లలోకి దిగుతోంది. ఇంత పెళ్లి తీసి, పెళ్లికూతురి తండ్రి మొహం ఒక్కసారైనా సరిగ్గా తియ్యలేదా నేను అని తనని తాను తిట్టుకుంటూ ముందుకు జరుపుతున్నాడు.

"ఏడెక్కుతంది బావా," అన్నాడు రోనాల్డ్.

భోజనాల బంతి వచ్చింది. తలకి తువ్వాలు చుట్టుకున్న సత్తియ్య ఒక్కసారి కెమెరా వైపు తిరిగాడు. నోరు తెరిచి, చెయ్యెత్తి ఎవరినో కేకలేస్తున్నాడు. త్రినాధరావు బొమ్మని అక్కడే ఆపాడు. తెర అంచున పచ్చగీత ఒకటి పడింది.

"నోరు తెరిసున్నాడప్పా. ఇంకోటి సూద్దామా?" అన్నాడు త్రినాధరావు మరిడమ్మ వైపు తిరిగి.

"ఒద్దు. అదే తియ్యి. నోరు మూసుకున్నోడైతే అది ఆయనెందుకవుతాడు?"

త్రినాధరావు నొక్కాడు. సేవ్ అయిందని తెర మీద అక్షరాలు పడ్డాయి, అవి చదివేలోపు గీతలు కమ్మేశాయి.

పెట్టె చల్లారాక, ఆ ఒక్క బొమ్మే ప్రింటుకిచ్చారు. ప్రింటరు గీత గీతగా కక్కుతోంది. ముందు తువ్వాలు, తరవాత నుదురు, కళ్లు, ఆపైన తెరిచిన నోరు. మరిడమ్మ రంగు ఆరని ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఎవుల్నలాగ తిడతన్నావు," అందావిడ. "సాల్లే, ఇంటికెల్దాం రా."