లోగదిలోని అసలు రాయి

ఇంట్లో అందరూ ఆ పిల్లని పుల్ల అనే పిలుస్తారు. సన్నగా ఉంటుందని కాదు, ఏమడిగినా పుల్లవిరుపుగా బదులిస్తుందని. ఇంజనీరింగు రెండో ఏడు. వేసవి సెలవుల్లో ఎక్కడైనా పనిచేసి, చేసినట్టు కాగితం తెమ్మని కాలేజీవాళ్లు చెప్పారు. పుల్ల ఒకే ఉత్తరాన్ని నలభై కంపెనీలకు పంపింది. జవాబులు మూడు వచ్చాయి. మూడింటిలోనూ ధన్యవాదాలే తప్ప పని లేదు. నలభైకి మూడు, ఆ మూడూ తాలే అంటే ఏ బేరానికీ గిట్టుబాటు కాదు.

తోటివాళ్లకు బాబాయిలో మేనమామలో ఎక్కడో ఒకచోట చెప్పిపెట్టారు. పుల్ల నాన్నకు పప్పుల కొట్టు ఉంది, పలుకుబడీ ఉంది.

"ఒక్క ఫోను చేస్తే చాలు, మిల్లాయన నా మాట తీసెయ్యడు" అన్నాడాయన.

"నీ ఫోనుతో వచ్చిన పని నీదవుతుంది నాన్నా, నాది కాదు."

"అబ్బో, పౌరుషం! ఇంతకీ ఆ ఉత్తరంలో ఏం రాసి తగలేశావు? ఇలా తే." చదివి నవ్వాడు. "నాకు అవకాశం కావాలి, నాకు నేర్చుకోవాలనుంది, నాకు, నాకు! ఎవరైనా మన కొట్టుకొచ్చి, ఏదో ఒకటి ఇవ్వండి అంటే నేనేం పొట్లం కడతాను తల్లీ? అవతలివాడికి ఏం లోటుందో ముందు చూసుకో. అది నీ దగ్గరుంటే అప్పుడు నోరు విప్పు."

నిజానికి ఆ నలభైలో ఒక్కచోటా పుల్లకు మనసు లేదు. మనసున్న చోటికి ఉత్తరమే రాయలేదు. అక్కడా కాదంటే ఇక ఆశపడడానికి ఏమీ మిగలదు మరి. అది కాటా మేస్త్రి పనిశాల. ఏడాదికోసారి కొట్టు త్రాసును సరిచూపించడానికి చిన్నప్పటినుంచీ నాన్న వెంట వెళ్లేది. ముందుగదిలో బల్ల, దాని వెనక అద్దాల తలుపు, ఆ వెనక లోగది. మేస్త్రి చేతికి తెల్లటి తొడుగులు వేసుకుని, గుడ్డ చుట్టిన పట్టకారుతో ఇత్తడి గుండును ఎత్తి పళ్లెంలో పెడతాడు. దాన్ని అసలు రాయి అంటారు. మిగతా తూకం రాళ్లన్నీ దానికే సరిపోవాలి. నాన్న చెయ్యి పట్టి లాగేదాకా పుల్ల ఆ అద్దం దగ్గరనుంచి కదిలేది కాదు.

మర్నాడు వెళ్లి ముందుగదిలో బెంచీమీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు. పదకొండుమంది వచ్చారు. అందులో ఏడుగురు తమ కాటా తయారైందా అని అడగడానికే వచ్చారు. అడిగినప్పుడల్లా మేస్త్రి తొడుగులు విప్పి బయటికొచ్చాడు. తలుపు తెరిస్తే గాలికి త్రాసు ముల్లు చెదురుతుంది. మళ్లీ నిలిచేదాకా కాచుకోవాలి.

"ఎవరమ్మాయివి? ఎవరు పంపారు?" అన్నాడు మేస్త్రి.

"ఎవరూ పంపలేదండీ. పొద్దున్నుంచి మీరు ఏడుసార్లు పని ఆపారు. నన్ను ఈ బల్ల దగ్గర కూర్చోనివ్వండి. ఎవరిది తయారైతే వాళ్లకి నేనే ఫోను చేస్తాను. ఎవరూ మీ తలుపు తట్టరు. వేసవి అయ్యాక కాలేజీకి ఒక కాగితం రాసివ్వండి, చాలు."

"బదులుగా అంతేనా?"

పుల్ల అద్దంవైపు చూసింది. "ఆ పని నేర్పిస్తే…"

"అమ్మో, అసలు బేరం అదన్నమాట! రెండు రోజులు చూద్దాం."

ఆ రెండు రోజులూ తలుపు చప్పుడు కాలేదు. మూడో రోజు మేస్త్రే పిలిచి చేతిలో తొడుగులు పెట్టాడు. లోగదిలో పుల్ల తన ఊపిరి చప్పుడు తనే విన్నది. ఇంతలో ఒక కొట్టువాడు మేస్త్రితో తప్ప మాట్లాడనని ముందుగదిలో పేచీ పెట్టాడు. మేస్త్రి బయటికెళ్లాడు. తొడుగులు ఇంకా పుల్ల చేతిలోనే ఉన్నాయి. అసలు రాయిమీద నలుసంత దుమ్ము కనబడింది. తూచబోయే ముందు రాయిని అరచేత్తో తుడవడం కొట్టు అలవాటు; దుమ్ము కూడా తూగుతుంది, తూకం అబద్ధమవుతుంది అంటాడు నాన్న. చెయ్యి తనంతట తనే వెళ్లి తుడిచేసింది.

తర్వాత గుర్తొచ్చింది, చేతి చెమట కూడా తూగుతుందని.

ఎవరూ చూడలేదు. చెప్పకపోతే లోగది దక్కుతుంది. కానీ ఊళ్లో కాటాలన్నీ ఈ రాయినే నమ్ముకున్నాయి. మేస్త్రి రాగానే, కొట్టు అలవాటుకొద్దీ అరచేత్తో తుడిచేశానని చెప్పేసింది.

ఆయన రాయిని పట్టకారుతో ఎత్తి వెలుతురులో చూశాడు. "నేను చూడలేదుగా. ఎందుకు చెప్పావ్?"

"తప్పుడు రాయితో నేర్చుకుంటే నాకేం వస్తుందండీ?"

"కొట్టు పిల్లవే." రాయిని పెట్టెలో పెట్టి మూశాడు. "ఇది మళ్లీ పరీక్షకు పోవాలి. వచ్చేదాకా పెద్ద కాటాల పని బందు. బల్ల నీదే, కాగితమూ రాసిస్తాను. లోపలికి మాత్రం ఈ వేసవిలో అడుగుపెట్టకు."

పుల్ల తొడుగులు ఆయనకిచ్చి బల్ల దగ్గరికి వెళ్లింది.

ఇరవై రోజులకు రాయి తిరిగొచ్చింది. అద్దాల అవతల మేస్త్రి దాన్ని పట్టకారుతో ఎత్తాడు. పుల్లకు ఆయన వీపే కనబడుతోంది. తెలియకుండానే బల్లమీద ఆమె రెండు వేళ్లు పట్టకారులా దగ్గరయ్యాయి. మేస్త్రి వెనక్కి తిరగలేదు. స్టూలును మాత్రం జానెడు పక్కకు జరుపుకున్నాడు. ఇప్పుడు పుల్లకు కూర్చున్నచోటినుంచే ముల్లు కనబడింది. ఫోను మోగుతోంది. ముల్లు ఇటూ అటూ ఊగి నిలిచాకగానీ పుల్ల ఫోను ఎత్తలేదు.